నేల తాకిన బుట్ట

కరకట్ట మీద నడిచేటప్పుడు సరళ భర్త పక్కన నడవకూడదు. రెండడుగులు వెనకే ఉండాలి. చెయ్యి పట్టుకోకూడదు, "జాగ్రత్తండీ" అనకూడదు, ఎవరైనా ఎదురొస్తే ఆయన కాలి వంక చూడకూడదు. ఇవి శేషగిరిరావు నోటితో పెట్టిన నియమాలు కావు. కిందటి వేసవిలో కుడి చెయ్యీ కాలూ పడిపోయి, బందరు డాక్టరు పుణ్యమా అని మళ్లీ లేచి నిలబడ్డాక, మొదటిసారి వాకింగుకి వచ్చిన రోజున ఒక్క చూపుతో చెప్పేశాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ చూపు చాలు.

అందుకని ఆమె వెనక నడుస్తూ చెవులతో కాపలా కాసేది. ఎడమ చెప్పు టప్పున పడేది. కుడి చెప్పు సర్రుమని ఈడ్చుకుంటూ వచ్చేది. ఆ సర్రు పొడుగైందంటే ఆయన అలిసిపోయినట్టు. అప్పుడు సరళ తనకే మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని చెప్పి బెంచీ మీద కూలబడేది. "నీతో రోజూ ఇదే గోల" అని విసుక్కుంటూ ఆయనా కూర్చునేవాడు. ఆ విసుగు విని సరళకి కోపం రాకపోగా కాస్త ధైర్యం వచ్చేది.

నాగాయలంకలో ఆ బాట కృష్ణ పుష్కరాలకి వేశారు. అంతకుముందు అక్కడ మట్టి కట్ట, తుమ్మచెట్లు, గేదెలు, ఆరేసిన వలలు. పుష్కరాల పేరు చెప్పి చదును చేసి, ఎర్రవీ బూడిదరంగువీ సిమెంటు రాళ్లు పరిచి, ఏటివైపు నడుమెత్తున ఇనప రెయిలింగు కట్టి, దాతల పేర్లు చెక్కిన బెంచీలు వేశారు. పుష్కరాలు అయిపోయాయి, బాట మిగిలింది. ఊళ్లో బీపీ, షుగరు ఉన్నవాళ్లందరికీ ఒక్కసారిగా ఆరోగ్యం మీద భక్తి పుట్టింది. మంకీ క్యాపులు, తెల్ల కేన్వాసు బూట్లు కొన్నారు. వాకర్స్ క్లబ్బు పెట్టారు. రిటైరైన హెడ్మాస్టరు సోమేశ్వరరావు దానికి అధ్యక్షుడు, రొయ్యల చెరువుల శేషగిరిరావు ఉపాధ్యక్షుడు. పొద్దున్నే అందరూ వరసగా నిలబడి చేతులెత్తి హహ్హహ్హా అని నవ్వేవారు. అలా నవ్వితే గుండెకి మంచిదట. నవ్వు రానివాళ్లు కూడా నవ్వాల్సిందే.

రెయిలింగుకి ఒక్క చోట మాత్రం సందు ఉంది. పాత రేవు దగ్గర, నెత్తిన బుట్టతో ఒక మనిషి పట్టేంత. జాలర్ల పాలెం వాళ్లు వచ్చి బతిమాలుకుంటే కాంట్రాక్టరు వదిలిపెట్టిన సందు అది. రాత్రంతా వేటాడిన పడవలు తెల్లారేసరికి అక్కడ ఒడ్డుకి చేరేవి. ఆడవాళ్లు బుట్టలెత్తుకుని ఆ సందులోంచి బాట మీదికి వచ్చి, అడ్డంగా దాటి, అవతలి మెట్లు దిగి బస్టాండుకి పరిగెత్తేవారు. మొదటి బస్సు అందితే అవనిగడ్డలోనో పామిడిముక్కలలోనో తాజా చేపల బేరం. అందకపోతే, దిగువ రేవులో కాటా పెట్టుకుని కూర్చున్న సావుకారు చెప్పిందే బేరం.

శేషగిరిరావు ఇల్లు ఆ మెట్ల కిందే, మొదటి ఇల్లు. వాకింగు ముగిసేదీ అక్కడే.

ఆ రోజు మంచు లేదు. ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తోంది. రాళ్లు తెల్లగా ఆరి ఉన్నాయి. కుడి చెప్పు సర్రుమనడం పొడుగైంది. ఇంకో బెంచీ దాటితే మెట్లు, మెట్లు దిగితే ఇల్లే కదా అని సరళ ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకుంది. ఆయన మెడలో మఫ్లరు జారి పడితే తియ్యడానికి వంగింది. తల ఎత్తేసరికి ఆయన కుడి మోకాలు మడత పడుతోంది. జారితే పాదం ముందుకు పోతుంది. ఆ పాదం ఎక్కడిదక్కడే ఉంది. పైనున్న మనిషి మాత్రం కిందికి కుంగిపోతున్నాడు.

అప్పుడే, రోజూ వాళ్లింటికి చేపలిచ్చే అచ్చమ్మ సందులోంచి పైకి వచ్చింది. నెత్తిన నిండు బుట్ట. ఒక చెయ్యి బుట్ట అంచు మీద ఉంది. ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఆగడం సరళ చూసింది. ఆ వెంటనే అచ్చమ్మ బుట్టని పక్కకి తోసేసి, రెండు చేతులా ఆయన నడుం చుట్టి పట్టుకుంది. ఇద్దరూ కలిసే కూలబడ్డారు. ఆయన తల రాళ్లకి తగల్లేదు. అచ్చమ్మ మోచెయ్యి తగిలి గీరుకుపోయింది.

బుట్ట బోర్లా పడింది. జెల్లలు, రొయ్యలు, ఒక పెద్ద పండుగప్ప రాళ్ల మీద చెదిరిపోయాయి. నీచు నీళ్లు పాయలుగా పారి ఆయన చెప్పుల దాకా వచ్చాయి.

నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపి పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు సోమేశ్వరరావు.

"అయ్యయ్యో బావగారూ! జారారా? చూశారా ఈ నీచు నీళ్లు! నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాను, వినేవాళ్లేరీ?"

శేషగిరిరావు చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. అందరూ కులాసాగా చేతులూపుకుంటూ నడిచేవాళ్లు, కొందరు ఆయనకంటే పెద్దవాళ్లు కూడా.

"జారింది," అన్నాడు. "రాయి తడిగా ఉంది. జారింది."

సరళ నోరు తెరిచింది. ఆయన ఆమె వంక చూశాడు. బెదిరిస్తున్నట్టు చూసి ఉంటే ఆమె చెప్పేసేదేమో. కానీ ఆయన బతిమాలుతున్నాడు. పెళ్లయిన దగ్గర్నించీ ఆయన దేనికీ ఆమెని బతిమాలింది లేదు. సరళ నోరు మూసుకుని మఫ్లరు దులిపింది.

అచ్చమ్మ కింద కూర్చునే ఆయన మొహంలోకి చూసింది, తర్వాత సరళ మొహంలోకి చూసింది. ఆ తర్వాత చేపలు ఏరడం మొదలుపెట్టింది. "బాబుగారికి దెబ్బేం తగల్లేదు గదమ్మా?" అంది, తల ఎత్తకుండానే.

అందరూ రాళ్ల మీద నీళ్లు చూస్తున్నారు.

*

ఆ పాలెంలో ఒక ఆనవాయితీ ఉంది. రేవులో నెత్తికెత్తిన బుట్టని బోణీ అయ్యేదాకా నేల మీద పెట్టరు. పెడితే ఆ రోజు బేరానికీ పడవకీ మంచిది కాదని వాళ్ల నమ్మకం. బోణీ చేసేవాళ్లే చెయ్యెత్తి, నెత్తి మీదున్న బుట్టలోంచి చూడకుండా ఒక చేప తీసుకోవాలి. చేతికి ఏది వస్తే అది. అచ్చమ్మకి రోజూ బోణీ చేసేది సరళే. మెట్లు దిగి వచ్చి అచ్చమ్మ గేటు దగ్గర మోకాళ్లు కాస్త వంచేది. సరళ ఒక చేత్తో గిన్నె పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, రెండో చెయ్యి బుట్టలోకి పోనిచ్చేది. చేతికి చల్లగా, జారుడుగా ఏదో తగిలేది. ఖరీదైన పండుగప్ప వస్తే ఇద్దరూ నవ్వుకునేవారు, చవకరకం జెల్ల వస్తే అచ్చమ్మ ఒక్కతే నవ్వేది. "చల్లని చెయ్యమ్మా మీది" అని చెప్పి బస్సుకి పరుగు తీసేది. సరళ చేతిని మెచ్చుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు. ఇంట్లో ఆమె వంటకి కూడా ఉప్పు ఎక్కువైతేనే పేరొచ్చేది.

ఆ రోజు సరళ గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లలేదు. భర్త మోకాలికి గుడ్డలో ఐసు చుట్టి అద్దుతూ మంచం పక్కన కూర్చుంది. మోకాలు వాచలేదు. వాచడానికి దానికి దెబ్బేం తగల్లేదు.

"జారలేదండీ మీరు," అంది, ఐసు మీదే చూపు పెట్టి.

"జారాను."

"రాళ్లు పొడిగా ఉన్నాయి. నేను చూశాను."

ఆయన పైకప్పు వంక చూపు తిప్పాడు. "చూస్తే చూశావు," అన్నాడు. "మళ్లీ పడిపోయానని తెలిస్తే ఏమవుతుందో తెలుసా నీకు? మళ్లీ బత్తాయిలు పట్టుకుని వస్తారు. మంచం చుట్టూ కుర్చీలేసుకుని కూర్చుంటారు. చెరువుల దగ్గర భాగస్తులు, మీరెందుకండీ శ్రమ పడటం, మేం చూసుకుంటాంగా అంటారు. ఆ మాటకి అర్థం ఏంటో నాకు తెలుసు. నేను పడలేను సరళా. ఇంకోసారి నావల్ల కాదు."

సరళకి జాలేసింది. జాలితో పాటు కోపం కూడా వచ్చింది. ఆ రెండిట్లో ఏది ముందో తెలియక ఐసు కరిగిపోయేదాకా అలాగే అద్దుతూ కూర్చుంది.

"డాక్టరు దగ్గరికి వెళ్దామా పోనీ?"

"జారినదానికి డాక్టరెందుకు?"

మధ్యాహ్నం పెరటి గుమ్మం దగ్గర గాజులు చప్పుడయ్యాయి. అచ్చమ్మ. నెత్తిన బుట్ట లేకపోతే ఆమె పొట్టిగా కనిపించింది. మోచేతికి పసుపు పట్టించుకుంది, దాని కింద ఎర్రగా ఉంది.

"ఎట్టా ఉన్నారమ్మా బాబుగారు?"

"పడుకున్నారు. నీకు బాగా తగిలినట్టుందే?"

"ఇదా, ఇదేవుందమ్మా. బుట్ట నేల తాకిందని మా అత్త పొద్దుట్నించీ శాపనార్థాలు పెడతంది. పడవంతా పసుపునీళ్లతో కడిగించింది. పోతురాజు మాత్రం ఏవన్లేదు. మనిషి పడిపోతంటే బుట్ట చూసుకుంటామేంటే అన్నాడు." భర్త మాట చెబుతున్నప్పుడు ఆమె మొహంలో కాస్త గర్వం కనపడింది. "ఇయ్యాళ మీకు చేప ఇవ్వలేదమ్మా. నేల తాకిన బుట్టలోది మీ చేత్తో తీయించకూడదు."

"ఫరవాలేదులే."

అచ్చమ్మ వెళ్లకుండా నిలబడి పైట కొంగు మడతలు పెట్టింది, విప్పింది.

"హెడ్మాస్టరుగారు సందు మూయించేస్తానన్నారంటమ్మా. వెల్డింగు కొట్టు కాడికెళ్లి కొలతలు కూడా చెప్పొచ్చారంట. అది మూసేస్తే మేం దిగువ రేవు దాకా బురదలో పడి పోవాల. ఆడికి పోయి మళ్లీ ఊళ్లోకొచ్చేతలికి బస్సు ఉంటదా? ఆ సావుకారు కాటా కింద పడిపోవాల్సిందే." సరళ మొహంలోకి సూటిగా చూసింది. "మీరు చూశారు గదమ్మా. నేను అడిగేది అదే. బాబుగార్ని ఏవీ అనొద్దు. నీళ్లు ముందు లేవు, తర్వాత పడ్డయ్యి అని ఆ ఒక్క మాటా చెప్పండి చాలు."

"చెప్తాను," అంది సరళ.

"మీరు చెప్తే వింటారమ్మా."

"చెప్తానన్నానుగా అచ్చమ్మా."

అచ్చమ్మ మొహం తేటపడింది. వెళుతూ వెళుతూ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. లోపల మంచం కిర్రుమంది. ఆయన మేలుకునే ఉన్నాడు.

*

మర్నాడు సాయంత్రం క్లబ్బు వాళ్లు కట్ట మీద కూడారు. శేషగిరిరావు తండ్రి పేరు చెక్కిన బెంచీ మీద ఆయన్నే పెద్దరికంగా కూర్చోబెట్టారు. ఆయన శాలువా కప్పుకుని వచ్చాడు. అంత చలేం లేదు. ఏటి మీద పోటు నీళ్లు నిండుగా ఉన్నాయి. సందు దగ్గర రాళ్లని ఎవరో బ్లీచింగు చల్లి కడిగారు, అక్కడ మాత్రం బాట రంగు మారిపోయింది.

"వాళ్ల మీద నాకేం కోపం లేదు," అన్నాడు సోమేశ్వరరావు. ఆయన అబద్ధం ఆడటంలేదు. ఎవరి పెళ్లికైనా చావుకైనా ముందుండే మనిషి. స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డ వాళ్లన్నయ్యకి చివరిదాకా సేవ చేసిన మనిషి. "వాళ్లూ మనవాళ్లే. కానీ ఇది నడిచే బాట. మనందరివీ ముదిరిన ఎముకలు. ఇవాళ బావగారు, రేపు ఎవరో. దిగువ రేవు ఉంది కదా, అటునుంచి రావచ్చు. నాలుగు ఊచలు పెడితే అయిపోతుంది."

అందరూ తలలూపారు. ఆడవాళ్లు నలుగురూ వెనక నిలబడి ఉన్నారు. ఆ మీటింగుల్లో ఆడవాళ్లు మాట్లాడేది పిక్నిక్కుకి ఏం వండాలన్నప్పుడే. సరళ గొంతు సవరించుకుంది.

"ఆ నీళ్లు ముందు లేవన్నయ్యగారూ."

అందరూ వెనక్కి తిరిగారు.

"ఆయన పడుతుంటే అచ్చమ్మ పట్టుకుంది. పట్టుకోవడానికి బుట్ట వదిలేసింది. నీళ్లు అప్పుడు పడ్డాయి. బోణీ కాకుండా వాళ్లు బుట్ట కింద పెట్టరు, అలాంటిది..."

"చేపల బుట్టక్కూడా మడేనటండీ!" అన్నారెవరో. నవ్వులు లేచాయి. ఈసారి ఎవరూ చేతులెత్తి నవ్వమనలేదు, అవే వచ్చాయి.

సోమేశ్వరరావు నవ్వలేదు. న్యాయమైన మనిషి కాబట్టి బెంచీ వైపు తిరిగాడు.

"ఏమండీ బావగారూ? మా చెల్లెమ్మ ఇలా అంటోంది. నీళ్లు ముందా, మీరు పడటం ముందా?"

శేషగిరిరావు ఏటి వంక చూశాడు. "ముందే తడిగా ఉంది," అన్నాడు. "సరళ మఫ్లరు కోసం వంగింది. తను చూళ్లేదు."

నేను చూశాను అనే మాట సరళ నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఆమెకి శాలువా కింద కదలిక కనపడింది. ఆయన కుడి చెయ్యి వణుకుతోంది. అది బయటికి కనపడకుండా ఎడమ చేత్తో దాన్ని ఒళ్లో అదిమి పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు శాలువా మీద ఉబ్బుగా తెలుస్తున్నాయి. ఇప్పుడు చూశానని చెబితే, ఏం చూశావమ్మా అని అడుగుతారు. ఆయన కాలు చచ్చుబడిపోయిందని అందరి మధ్యా, ఆయన ఎదురుగా, ఆయన తండ్రి పేరున్న బెంచీ ముందు చెప్పాలి.

"ఏమో," అంది. "సరిగా చూళ్లేదేమో."

"అదీ సంగతి," అన్నాడు సోమేశ్వరరావు మెత్తగా. "కంగారులో అలాగే ఉంటుంది చెల్లెమ్మా."

ఇంటికి వెళ్లేటప్పుడు మెట్ల మీద శేషగిరిరావు తనంతట తనే చెయ్యి చాచాడు. జబ్బు చేసిన తర్వాత అదే మొదటిసారి. సరళ పట్టుకుంది. పట్టుకున్నందుకు ఆమెకి సంతోషం కలగలేదు. లంచం పుచ్చుకున్నట్టు అనిపించింది.

*

వెల్డింగు వాడు రిక్షాలో ఊచలు వేసుకొచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆ నీలి వెలుగు సరళ వంటింటి గోడ మీద చిటుక్కు చిటుక్కుమని మెరిసింది. ఆమె పప్పులో పోపు మాడబెట్టుకుంది. ఉండబట్టలేక మెట్లెక్కి చూసింది. రేవులో పడవల మధ్య పాలెం ఆడవాళ్లు నిలబడి పైకి చూస్తున్నారు. గొడవేం చెయ్యటంలేదు. పోతురాజు వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు, ఒక్కసారైనా తల ఎత్తలేదు. అచ్చమ్మ తల ఎత్తింది. సరళని చూసింది. పలకరించినట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. తెలియని ఊళ్లో తెలియని మనిషిని చూసినట్టు చూసి, మొహం తిప్పుకుంది.

సాయంత్రానికి ఊచలకి ఆకుపచ్చ రంగు వేశారు. కొత్త రంగు పక్కన పాత రెయిలింగు వెలిసిపోయినట్టు కనపడిందని మిగతా దానికి కూడా వెయ్యాలని తీర్మానించారు.

తర్వాతి రోజుల్లో సరళ పొద్దున్నే వాకింగు నుంచి రాగానే గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. మెట్ల మీంచి ఎవరూ దిగేవారు కాదు. ఎదురింటి సీతామహాలక్ష్మి వాకిలి ఊడుస్తూ, "చేపల కోసమా వదినగారూ? ఇటు రావటంలేదుగా వాళ్లు. కట్ట ఎంత శుభ్రంగా ఉందో, నీచు వాసనే లేదు" అంది. సరళ గిన్నె లోపలికి తీసుకెళ్లి బోర్లించేది.

"చేప తేలేదా అచ్చమ్మ?" అని అడిగాడు ఒకరోజు శేషగిరిరావు, అన్నం కలుపుకుంటూ.

"రాలేదు."

ఆయన వంకాయ కూర కలుపుకున్నాడు. ఎడమ చేత్తో తింటున్నాడు కొన్నాళ్లుగా. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అది వేరెవరిదో అన్నట్టు అప్పుడప్పుడు దాని వంక చూసుకుంటున్నాడు. బందరు వెళ్దామని సరళ అంటూనే ఉంది. చెరువుల్లో రొయ్యల పట్టుబడి అవనీ అని ఆయన అంటూనే ఉన్నాడు.

కట్ట మీద నడిచేటప్పుడు ఇప్పుడు సరళకి రెండు చప్పుళ్లు వినపడేవి. పైన భర్త కుడి చెప్పు సర్రుమనడం. కింద, కట్ట వారనే బురదలో, దిగువ రేవుకి పోయే ఆడవాళ్ల పాదాలు చుబుక్ చుబుక్ మని దిగబడి పైకి లేవడం. తలకాయలు కనపడవు. రెయిలింగు ఊచల మధ్య నుంచి బుట్టలు మాత్రం వరసగా కదిలిపోతూ కనపడతాయి. వాటిలో ఏది అచ్చమ్మదో సరళకి తెలుసు. అంచుకి నీలం నైలాను తాడు అల్లి ఉంటుంది. ఆ తాడు కనపడగానే ఆమె గబగబా నడిచేది, నడిచి భర్తని దాటిపోబోయి మళ్లీ ఆగేది.

*

ఆ పొద్దున్న కూడా మంచు లేదు. రాళ్ల మీద ఒక్క తడి చుక్క లేదు. క్లబ్బు వాళ్లు నవ్వులు ముగించుకుని కబుర్లలో పడ్డారు. శేషగిరిరావు ముందు నడుస్తున్నాడు. సందు ఉండే చోటికి వచ్చేసరికి ఆయన కుడి కాలు మళ్లీ మడత పడింది.

ఈసారి ఆయన ఎడమ చేత్తో కొత్త ఊచ పట్టుకున్నాడు. మనిషంతా దాని మీద వేలాడాడు. గడ్డం రెయిలింగు పైకడ్డీకి ఆనుకుంది. చెప్పు ఒకటి ఊచల సందులోంచి జారి కింద పడింది.

కింద బురదలో ఆ చెప్పు పడ్డ చోట ఒక బుట్ట ఆగింది. నీలం తాడు బుట్ట. అచ్చమ్మ కళ్లు పైకెత్తి చూసింది. ఆమె చెయ్యి చటుక్కున బుట్ట అంచు మీదికి వెళ్లింది, తోసెయ్యడానికి. అక్కడే ఆగిపోయింది. ఆమెకీ ఆయనకీ మధ్య నిలువెత్తు గట్టూ ఇనప ఊచలూ ఉన్నాయి.

"అచ్చమ్మా," అన్నాడు శేషగిరిరావు. మాట ముద్దగా వచ్చింది.

ఆమె చెయ్యి బుట్ట మీద అలాగే ఉంది.

సరళ వెనక నుంచి వచ్చి భర్తని చంకల కింద పట్టుకుంది. బరువు ఆపలేక ఆయనతో పాటే రాళ్ల మీద చతికిలపడింది. అప్పటికి అందరూ పరిగెత్తుకొచ్చారు.

"మళ్లీ జారారా? నీళ్లేం లేవే?" సోమేశ్వరరావు వంగి రాళ్లు తడిమి చూశాడు కూడా.

"జారలేదు," అంది సరళ. గట్టిగా అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "జారలేదన్నయ్యగారూ. కాలు పని చెయ్యటంలేదు. చెయ్యి కూడా పని చెయ్యటంలేదు. ఆ రోజు కూడా ఇంతే. రాళ్లు పొడిగానే ఉన్నాయి. ఆయన పడిపోతుంటే అచ్చమ్మ బుట్ట పారేసి పట్టుకుంది. నేను చూశాను. కళ్లారా చూశాను. చూసి కూడా చెప్పలేదు."

శేషగిరిరావు తల భార్య భుజం మీద ఉంది. ఆయన కోప్పడతాడనుకుంది. తోసేస్తాడనుకుంది. ఆయన కళ్లు మూసుకుని, "అవును," అన్నాడు. "అది నిజం. నేనే అబద్ధం చెప్పాను."

చెప్పేశాక ఆయన ఒళ్లు సగం బరువు తగ్గినట్టయింది. సరళకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ గుండెల మీదున్న రాయి దిగిపోయిందనీ, ఇక అంతా చక్కబడుతుందనీ అనుకుంది. ఊచల వైపు చూసింది. అంత మాట విన్నాక వాటిని రేపో ఎల్లుండో కోయించేస్తారని ఆ క్షణంలో నిజంగా నమ్మింది.

సోమేశ్వరరావు పక్కన గొంతుకూర్చుని శేషగిరిరావు చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన కళ్లల్లో కూడా నీళ్లున్నాయి.

"ఎంత పని చేశారు బావగారూ! ముందే చెప్పకూడదూ? మేమేం పరాయివాళ్లమా? పాపం ఆ పిల్లనేమో మేం ఉత్తి పుణ్యానికి ఆడిపోసుకున్నాం." తల ఎత్తి ఎవరినో కారు తెమ్మన్నాడు. తర్వాత కొత్త ఊచ మీద చెయ్యి వేసి ఊపి చూశాడు. అది కదల్లేదు. "అయినా ఏది జరిగినా మన మంచికేనమ్మా చెల్లెమ్మా. ఈ ఊచలు పెట్టాం కాబట్టి సరిపోయింది. ఆ సందు అలాగే ఉండుంటే ఇవాళ ఈయన ఏట్లోకి పోయేవారు."

"నిజమేనండోయ్," అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. "దేవుడిలా అడ్డుపడ్డాయి."

"అన్నయ్యగారూ, మరి అచ్చమ్మ వాళ్ల దారి..."

"చూద్దాం చెల్లెమ్మా, చూద్దాం. ముందు ఈయన్ని బందరు తీసుకెళ్దాం." అని, వెనక్కి తిరిగి మిగతావాళ్లతో, "అవతలి వైపు కూడా ఒక రెయిలింగు వేయిస్తే బాగుంటుంది. పెద్దవాళ్లకి రెండు వైపులా పట్టు దొరుకుతుంది," అన్నాడు.

అందరూ బాగుంటుందన్నారు.

సరళ ఊచల మధ్య నుంచి కిందికి చూసింది. బురదలో భర్త చెప్పు ఉంది. ఎవరో దాన్ని తీసి, పైకి కనపడేలా ఒక రాయి మీద పెట్టి వెళ్లారు. నీలం తాడు బుట్ట దిగువ రేవు వైపు పోతోంది.

*

శేషగిరిరావుని బందరులో పెద్దాసుపత్రిలో చేర్చారు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు, ఆలస్యం చేశారన్నారు. మాట తడబడుతోంది కానీ మనిషి తేరుకుంటాడన్నారు. నడక సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. బత్తాయిలు పట్టుకుని అందరూ వచ్చారు. చెరువుల భాగస్తులు వచ్చి, మీరెందుకండీ శ్రమ పడటం, మేం చూసుకుంటాంగా అన్నారు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బట్టల కోసం సరళ ఒక్క పూట ఇంటికి వచ్చింది. సంచీ సర్ది బయటికి వచ్చేసరికి ఎండెక్కింది. వీధి చివర నుంచి అచ్చమ్మ వస్తోంది. మెట్ల మీంచి కాదు, ఊళ్లోంచి. కాళ్లకి మోకాళ్ల దాకా ఎండిన బురద. నెత్తిన బుట్ట ఉంది.

సరళ సంచీ వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. బోర్లించిన గిన్నె తీసుకుని గేటు దగ్గరికి వచ్చింది. అచ్చమ్మ ఆగింది. సరళ మునివేళ్ల మీద లేచి చెయ్యి పైకెత్తింది.

అచ్చమ్మ మోకాళ్లు వంచలేదు. రెండు చేతులా బుట్ట దించి, గేటు ముందు నేల మీద పెట్టింది. అలవాటైన పనిలాగా పెట్టింది.

సరళ చెయ్యి ఇంకా పైనే ఉంది.

"బోణీ అయిపోయిందమ్మా," అంది అచ్చమ్మ. "దిగువ రేవులో సావుకారే దింపించేసుకుంటన్నాడు. ఆయన ఏరుకోగా మిగిలినయ్యి తెచ్చి ఊళ్లో తిప్పుకుంటన్నాం. ఎట్టా ఉన్నారు బాబుగారు?"

"ఫరవాలేదన్నారు." సరళ చెయ్యి దించుకుంది. "అచ్చమ్మా, నేను చెప్పాను. ఆ రోజు అందరి ముందూ చెప్పేశాను."

"విన్నానమ్మా. కిందనే ఉన్నాను గదా. గట్టిగానే చెప్పారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని సరళ వెతికింది. లేదు. ఉంటే బాగుండేది.

అచ్చమ్మ చెమట తుడుచుకుని, బుట్ట మీద కప్పిన తడి గోనెపట్టా తీసి పక్కన పెట్టింది. "ఏది కావాలో చూసి తీసుకోండమ్మా. ఇంకా నాలుగు వీధులు తిరగాల."

సరళ గేటు తీసుకుని వచ్చి బుట్ట ముందు గొంతుకూర్చుంది. ఇన్నేళ్లలో ఆ బుట్టలోకి తొంగిచూడటం అదే మొదటిసారి. లోపల అన్నీ చిన్న చేపలే.